కమలమ్మగారి నాలుగు నిమిషాలు

రాఘవయ్యగారి అమ్మాయి వసుధ, పోయిన కార్తీకంలో తండ్రి అస్థికలు గోదావరిలో కలపడానికి రాజమండ్రి వచ్చింది. రేవులో కార్యక్రమం అయ్యాక మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. నలభై అయిదు దాటిన మనిషి, చెన్నైలో బ్యాంకు ఉద్యోగం. పెరుగన్నం దగ్గర చెయ్యి ఆపి, "ఆంటీ, నాన్న పనిలో ఎలా ఉండేవారండీ? మేం ఆయన్ని నిద్రపోతుండగా చూడ్డమే ఎక్కువ. షూటింగు నుంచి వచ్చేవారు, పడుకునేవారు, లేచి మళ్ళీ వెళ్ళిపోయేవారు" అని అడిగింది. మంచివారనీ, గొంతు పెంచడం ఎరగరనీ ఏదో చెప్పాను. ఆ పిల్ల రైలెక్కి వెళ్ళిపోయాక నా మీద నాకే చిరాకేసింది. పోయినవాళ్ళెవరి గురించైనా చెప్పే మాటలే చెప్పి పంపించాను. ఆయన దగ్గర నేను పని చేసింది నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో ఒక్క రోజు గురించి చెప్పినా ఆయన ఎలాంటివాడో తెలిసేది. అది చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అందుకని కాబోలు నోరు రాలేదు.

మా నాన్నకి కోటగుమ్మం దగ్గర సందులో ఫొటో స్టూడియో ఉండేది. ముందుగదిలో కుర్చీ, వెనక మేడలూ మెట్లూ గీసిన తెర, ఆ వెనక డార్క్‌రూమ్. మా ఇంట్లో ఎవరి బట్టలు వాసన చూసినా ఫొటోలు కడిగే హైపో మందు వాసనే వచ్చేది. అమ్మ చారులో ఇంగువ వేసినా ఆ వాసన ఓడిపోయేది. పదేళ్ళ వయసు నుంచీ నేను ఆ చీకటిగదిలోనే పెరిగాను. కళ్ళతో పనిలేకుండా వేళ్ళతో ఫిల్ము చుట్టడం, అంచు ఎటుందో గోటితో కనుక్కోవడం నాకు జడ వేసుకున్నంత తేలిక. డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి తరఫువాళ్ళు అడిగితే "ఫొటోలు కడుగుతుంది" అని చెప్పకూడదని అమ్మ నాన్నకి గట్టిగా చెప్పిపెట్టింది.

అలాంటి రోజుల్లో విశ్వంగారు స్టూడియోకి వచ్చారు. కాకినాడలో కాలేజీ లెక్చరరు, నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు. ఉద్యోగానికి సెలవు పెట్టి, పాటలూ ఫైటింగులూ లేని సినిమా తీస్తున్నారని ఊరంతా వింతగా చెప్పుకునేవారు. పోలవరానికి ఎగువన, గోదావరి ఒడ్డున చింతలరేవు అనే ఊళ్ళో షూటింగు. కథ చాలా చిన్నది. గోదావరిలో పోయాడనుకున్న మొగుడు పదిహేనేళ్ళ తర్వాత తిరిగొస్తాడు. భార్య అతన్ని గుమ్మం ఎక్కనివ్వదు. అంతే. ఆ భార్య వేషానికి నాటకాల్లో పేరున్న కమలమ్మగారిని ఒప్పించారు. కెమెరాకి మద్రాసు నుంచి రాఘవయ్యగారు వచ్చారు. ఆయన వెంట వచ్చిన అసిస్టెంటు మూడో రోజునే కామెర్లతో మంచం ఎక్కాడు. ఇంకొకడు వచ్చేదాకా ఆగితే కమలమ్మగారు షూటింగుకి ఇచ్చిన రోజులు అయిపోతాయి.

"చీకట్లో ఫిల్ము లోడ్ చెయ్యగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నార్రా?" అని అడిగారు విశ్వంగారు.

నాన్న నా వైపు చూశారు. నాన్న నోరు తెరిచేలోపే "నేను వస్తానండీ" అన్నాను.

అమ్మ ఆ పూట అన్నం తినలేదు. "పదిమంది మగాళ్ళ మధ్య, ఊరుకాని ఊళ్ళో... రేపు సంబంధం వాళ్ళకి ఏం చెప్తారు?" అని నాన్నని నిలదీసింది. నాన్న పొడుం డబ్బా వెతుక్కున్నారు. నేను మాత్రం సంచీ సర్దుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఫొటో కడిగేటప్పుడు నీళ్ళలోంచి మొహం నెమ్మదిగా పైకి వస్తుంది. ఆ మొహాన్ని బంధించేది ఎప్పుడూ నాన్నే. నేను కడిగేదాన్ని, అంతే. ఒక్కసారైనా కెమెరా వైపు నిలబడాలని ఉండేది.

లాంచీ దిగేసరికి రాఘవయ్యగారు రేవులోనే ఉన్నారు. పొట్టి మనిషి, ముతక పంచె, తెల్లచొక్కా, మెళ్ళో తాడుకి వేలాడే, వెలుతురు చూసుకునే గుండ్రటి అద్దం. "చేతులు చూపించు" అన్నారు. గోళ్ళు పొట్టిగా ఉన్నాయా, వేళ్ళకి నూనె ఉందా అని చూశారు. తలకి ఆముదం పెట్టుకున్నానని పసిగట్టి, "షూటింగు అయిందాకా ఇది మానెయ్యమ్మా. లెన్సుకి ఆముదం పడదు" అన్నారు. ఆయనకీ పొడుం అలవాటుంది. కానీ కెమెరా ఉన్న ఇంట్లో ఎప్పుడూ డబ్బా తీసేవారు కాదు. పని మధ్యలో మనసైతే ఏటిగట్టు దాకా నడిచివెళ్ళి, పీల్చి, చేతులూ మొహం కడుక్కుని, పంచె దులుపుకుని వచ్చేవారు. గోదావరి గాలికి లెన్సుల్లో బూజు పడుతుందని, పెట్టెని పొడి గుడ్డల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవారు. మేమున్న ఇంటివాళ్ళు అన్నానికి బియ్యం తీయాలన్నా ఆయన్ని అడిగి తీసేవారు.

ఆ కెమెరా అద్దెది. ఎన్నో సినిమాలు చూసిన జర్మనీ కెమెరా, మూలలు అరిగి ఇత్తడి కనిపించేది. ముందువైపు మూడు లెన్సులు. పైన రెండు చెవుల్లా ఫిల్ము పట్టే నల్లటి పెట్టె. దాన్ని మ్యాగజైన్ అనేవాళ్ళం. అలాంటివి రెండుండేవి, రెండూ అచ్చం ఒకేలా. ఒకదాంట్లో నాలుగు నిమిషాల ఫిల్ము పడుతుంది. ఫిల్ముకి వెలుతురు సోకితే పాడైపోతుంది కాబట్టి, రెండు చేతులూ దూరే నల్లసంచిలో మ్యాగజైన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని నేను లోడ్ చేసేదాన్ని. నిజానికి కళ్ళు మూసుకోనక్కర్లేదు, సంచిలోకి ఎలాగూ కనపడదు. కానీ కళ్ళు తెరిచి ఉంటే వేళ్ళు తడబడేవి. రాఘవయ్యగారు అది చూసి నవ్వలేదు. మూడో రోజు నుంచి నేను లోడ్ చేసేటప్పుడు పక్కన ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఫిల్ము పట్టించిన మ్యాగజైన్ మీద వెంటనే తెల్లపట్టీ అతికించాలి. వాడేశాక ఎర్రపట్టీ. పట్టీ లేనిది ఖాళీ. ఆయన పెట్టిన నియమం ఇదొక్కటే.

ఫోకస్ నిలపడం కూడా నా పనే. మనిషి ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పాలి, లేకపోతే మొహం మసకబారుతుంది. టేపుతో దూరాలు కొలిచి, నేలమీద ముగ్గుపిండితో గుర్తులు పెట్టుకుని, నటులు ఏ గుర్తు మీద కాలేస్తే రింగు ఎక్కడిదాకా తిప్పాలో చేతికి నేర్పుకున్నాను. తెల్లారకట్ట వాకిట్లో ముగ్గులేసే ఆడవాళ్ళు, వాళ్ళ ముగ్గు పక్కన నా అడ్డగీతలు చూసి "ఇదేం ముగ్గమ్మా, చుక్కలే లేవు" అని నవ్వేవారు.

ఈ సినిమాకి విశ్వంగారి పట్టుదల ఒకటుంది. మాటలు తర్వాత స్టూడియోలో చెప్పించకూడదు, కమలమ్మగారి గొంతు అక్కడికక్కడే పట్టుకోవాలి. కానీ ఆ కెమెరా తిరుగుతుంటే టకటకమని ఒకటే మోత. సౌండు చూసే ఖాదర్‌గారు చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని తల అడ్డంగా ఊపేవారు. దుప్పట్లు కప్పారు, పరుపు కట్టారు. దుప్పటి జారితే లెన్సు మూసుకుపోయేది, పరుపు కడితే నా చేతికి రింగు అందేది కాదు. ఇలా అవస్థ పడుతున్న రోజునే అమ్మ లాంచీ దిగింది. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చింది.

ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చుంది. నేను పని ఆపలేదు. కాసేపు చూసి, "ఏంటే ఆ చప్పుడు, రైసుమిల్లులాగ?" అంది. చెప్పాను. ఇంకాసేపు చూసింది. లేచి వచ్చి, రాఘవయ్యగారిని "ఏవండీ, దాన్ని ముట్టుకోవచ్చాండీ?" అని అడిగింది. ఆయన పక్కకి జరిగారు. అమ్మ జానతో కెమెరా చుట్టుకొలత తీసుకుంది. ఊళ్ళో అడిగి నాలుగు పాత నేతచీరలూ ఏకిన దూదీ తెప్పించింది. ఆ మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా కూర్చుని కెమెరాకి బొంత కుట్టింది. మూతికి ఒక కన్నం, పైన మ్యాగజైన్ తీసి పెట్టడానికి మూత, పక్కన నా చెయ్యి దూరేంత సందు. ఆ సందుకి లోపలివైపు మెత్తటి గుడ్డ పట్టీ. "లేకపోతే నీ చెయ్యి ఒరుసుకుంటుంది కదే" అంది. బొంత వేసి కెమెరా తిప్పారు. ఖాదర్‌గారు హెడ్‌ఫోను తీసి, "అమ్మా, మీకు దణ్ణం" అన్నారు.

మర్నాడు లాంచీకి అమ్మ ఒక్కతే ఎక్కింది. ఎక్కే ముందు నన్ను పక్కకి పిలిచి, "మధ్యలో ఒదిలేసి రాకు. మొదలెట్టావు కాబట్టి పూర్తి చేసుకునే రా" అంది.

సినిమాకి ప్రాణమంతా ఒక్క సీనులో ఉంది. మొగుడు వీధిలో నిలబడి ఉంటాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని, వాడు లేని పదిహేనేళ్ళూ ఎలా గడిచాయో చెప్పి, లేచి, వాడి వైపు నడిచి వచ్చి, మొహంలో మొహం పెట్టి ఒక్కమాట అని వెనక్కి తిరిగిపోతుంది. మధ్యలో ఎక్కడా ఆపకుండా నాలుగు నిమిషాలూ ఒకే షాటు. కమలమ్మగారు ఉదయమంతా ఎవరితోనూ మాట్లాడకుండా చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఒక్కసారికే చేసేశారు. విశ్వంగారు "కట్" అనడం మర్చిపోయారు. ఫిల్ము అయిపోయి కెమెరాయే ఆగింది. వీధిలో చూస్తున్న ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు.

అందరితో పాటు నేనూ ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. మ్యాగజైన్ కెమెరా నుంచి ఊడదీసి, తెల్లపట్టీ పీకి, బల్ల మీద పెట్టి, ఎర్రపట్టీ అతికించకుండా పరిగెత్తాను. ఆవిడ నా బుగ్గ పుణికి "బాగా వచ్చిందా అమ్మా?" అన్నారు. గాల్లో తేలుతూ తిరిగొచ్చాను. బల్ల మీద రెండు మ్యాగజైన్లున్నాయి, రెంటికీ పట్టీలు లేవు. దుమ్ము తుడవాలని చేతికందినదాని మూత తీశాను. లోపల నిండు చుట్ట, ఎండలో నిగనిగా మెరిసింది.

మూత వేసేశాను. ఎంతసేపు తెరిచి ఉందో ఇప్పటికీ చెప్పలేను. రెండు ఊపిర్లంత అయ్యుంటుంది. చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. బొంత కింద నుంచి కెమెరా తీస్తున్న రాఘవయ్యగారి వీపు కనిపిస్తోంది. ఆ నిమిషంలో నాకు వచ్చిన ఆలోచన దాచను. ఫిల్ము మద్రాసు వెళ్ళాలి, అక్కడ కడగాలి, మూడు వారాలు పడుతుంది. పాడైందంటే కడిగినవాళ్ళ తప్పే అనుకుంటారు. అప్పటికి కమలమ్మగారు ఎక్కడో, నేనెక్కడో. ఎర్రపట్టీ చేతిలోకి తీసుకున్నాను, అతికించాను కూడా. ఆ పట్టీ మీద సీను నంబరు రాయాలి. రాయడానికి చెయ్యి రాలేదు.

వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. "సార్, మ్యాగజైన్ తెరిచేశానండీ. కమలమ్మగారి రీలు. పట్టీ వెయ్యలేదండీ, ఖాళీదనుకున్నాను."

ఆయన తిరగలేదు. చేతిలో ఉన్న లెన్సుకి మూత పెట్టారు, గుడ్డలో చుట్టారు, పెట్టెలో పెట్టారు. లేచి ఏటిగట్టు వైపు నడిచారు. పొడుం పీల్చి, మొహం కడుక్కుని, అంత దూరం నుంచీ పంచె దులుపుకుంటూ వచ్చారు. అదంతా పట్టిన సేపూ నేను నిలబడినచోటే ఉన్నాను.

"పైచుట్లు పోయుంటాయి. లోపలివి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నమ్మడానికి లేదు" అన్నారు. తర్వాత, "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"పద."

విశ్వంగారి దగ్గరికి వెళ్ళి "రీలు పోయిందండీ. మళ్ళీ తియ్యాలి" అన్నారు. నా పేరు ఎత్తలేదు. నేనే ముందుకి వచ్చి "నా వల్లే పోయిందండీ" అన్నాను. విశ్వంగారి మొహం నల్లబడిపోయింది. ఆయన అంతకు ముందెప్పుడూ నన్ను ఏకవచనంతో పిలవలేదు. "నిన్ను నమ్మినందుకు నన్ననాలి. ఒక్క ఫిల్ము డబ్బా ఉంది మిగిలింది. ఒక్కటే! అది క్లైమాక్సుకి ఉంచాను. రేపు పదింటి లాంచీకి ఆవిడ వెళ్ళిపోవాలి" అని అరుస్తూనే ఉన్నారు. లోపల్నుంచి కమలమ్మగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. అంతా విన్నారు. "క్లైమాక్సు ఇంకోలా రాసుకోండి విశ్వంగారూ. ఇది లేకపోతే మీ సినిమా లేదు కదా. పొద్దున్న ఏడింటికి చేస్తాను, కానీ ఒక్కసారే చేస్తానండోయ్. రెండోసారి నా వల్ల కాదు" అన్నారు.  ఈసారి నా బుగ్గ పుణకలేదు.

"ఫోకస్ మీరే చూసుకోండి రాఘవయ్యగారూ" అన్నారు విశ్వంగారు.

"నా కన్ను వ్యూఫైండర్లో ఉండాలి, నా చేతులు కెమెరా తిప్పడానికి ఉండాలి. ఫోకస్ ఆ అమ్మాయే చేస్తుంది."

"పోగొట్టిందే ఆ అమ్మాయి."

"పోగొట్టిన సంగతి వచ్చి చెప్పిందీ ఆ అమ్మాయే. చెప్పనివాళ్ళతో నేను పాతికేళ్ళు పనిచేశాను. ఈ అమ్మాయి చెయ్యకపోతే నేనూ చెయ్యను" అన్నారు, భోజనానికి రమ్మన్నంత మామూలు గొంతుతో.

మర్నాడు ఆరుగంటలకే వీధిలో ఉన్నాను. అరుగు నుంచి, మొగుడి పక్కన పెట్టిన కెమెరాకి పన్నెండడుగులు. తొమ్మిది, ఆరు, నాలుగు దగ్గర ముగ్గుపిండి గీతలు. ఒక్కొక్కటీ మూడుసార్లు కొలిచాను. కమలమ్మగారు నడిచే చోట నేను ఆవిడలా నడిచి చూశాను. లోడ్ చేశాక తెల్లపట్టీ అతికించి, రాఘవయ్యగారికి చూపించాను. బొంత సందులోంచి చెయ్యి దూర్చి రింగు పట్టుకున్నాను. చెమటకి జారకుండా వేళ్ళకి కొద్దిగా ముగ్గుపిండి రాసుకున్నాను.

ఆవిడ మొదలుపెట్టారు. ముందురోజు ఏడుస్తూ చెప్పిన మాటలు ఆ ఉదయం ఏడవకుండా చెప్పారు. అది ఇంకా భయంగా ఉంది. లేచారు. తొమ్మిది, ఆరు. నా వేళ్ళు గుర్తుల వెంట పోతున్నాయి. నాలుగు దగ్గర ఆగాలి. ఆవిడ ఆగలేదు. ఇంకో అడుగు వేసి, ఆ అడుగు సగంలో ఆపి, మొహం ముందుకి పెట్టారు. దానికి గీత లేదు, కొలత లేదు. నేను గీతలు చూడ్డం మానేసి ఆవిడ కళ్ళు చూశాను, చేతిని దాని ఇష్టానికి వదిలేశాను. ఆవిడ ఆ ఒక్కమాటా అని వెనక్కి తిరిగిపోయారు. ఈసారి విశ్వంగారు "కట్" అన్నారు. నేను ఎవరి దగ్గరికీ పరిగెత్తలేదు. ముందు ఎర్రపట్టీ అతికించి, దాని మీద సీను నంబరు రాశాను. ఆ తర్వాత మ్యాగజైన్ రాఘవయ్యగారికి అందించాను.

ఫోకస్ నిలిచిందో లేదో మూడు వారాలదాకా తెలియదు. షూటింగు ముగిసి ఇంటికొచ్చాను. సంబంధం వాళ్ళు వచ్చారు, వెళ్ళారు. ఒకరోజు మద్రాసు నుంచి పోస్టుకార్డు వచ్చింది. "చిరంజీవి సుభద్రకి, రీలు చూశాం. చివరి అడుగుతో సహా నిలిచింది. మీ అమ్మగారి బొంత ఇక్కడ అందరూ అడుగుతున్నారు. రాఘవయ్య." అమ్మ ఆ కార్డు రెండుసార్లు చదివించుకుని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సినిమా రాజమండ్రిలో వారం ఆడింది, ఉదయం ఆటలు మాత్రమే. తర్వాత ఎవరికీ గుర్తులేదు. నేను రాఘవయ్యగారి దగ్గర చేసింది అదొక్కటే. ఆయన పంపిన ఉత్తరాలు పట్టుకుని వేరేవాళ్ళ దగ్గర మరో మూడు సినిమాలకి పనిచేశాను. నాన్నకి చూపు తగ్గాక స్టూడియో నేనే చూసుకున్నాను, ముప్ఫై ఏళ్ళు. ఈ జిల్లాలో ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో లెక్క లేదు. ఇప్పుడు మా స్టూడియోలో పనిచేసే పిల్లలు కెమెరా ఎత్తితే, అదే మొహాన్ని వెతుక్కుని చుట్టూ ఆకుపచ్చ గడి గీసుకుంటుంది. మనిషి ఎటు కదిలితే గడి అటు పోతుంది. బాగుంది, నేను తప్పుపట్టను. ఆ రోజు అలాంటిది ఉంటే నాకు అన్నం సహించేది. కానీ తీసింది పాడైతే ఇంకోటి తీసుకుందాంలే అని ఆ పిల్లలు అన్నప్పుడు మాత్రం వాళ్ళని కూర్చోబెట్టి, పట్టీ వెయ్యని మ్యాగజైన్ సంగతి చెప్తాను. వింటారు. కొందరు నవ్వుతారు.

ఈమధ్య విశ్వంగారి శిష్యులు ఎక్కడో మూలపడి ఉన్న ప్రింటు వెతికి, శుభ్రం చేయించి, కంప్యూటర్లోకి ఎక్కించారు. రాజమండ్రిలో హాలు తీసుకుని సభ పెట్టి వేస్తామన్నారు. నేను పట్టుబట్టాను. మొదటిసారి చింతలరేవు వాళ్ళకి వెయ్యాలి, తర్వాతే సభలు. చింతలరేవు ఇప్పుడు లేదు. ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి నిలిచి ఊరు మునిగింది. జనాన్ని ఎగువ నుంచి తీసుకొచ్చి కాలనీ కట్టించి ఇచ్చారు. వరసగా ఒకేలాంటి ఇళ్ళు, ప్రతి ఇంటి మీదా నంబరు. "అక్కడ ఎవరొస్తారండీ చూడ్డానికి?" అన్నారు కుర్రాళ్ళు. ఒక్కరొచ్చినా వేద్దామన్నాను.

కమ్యూనిటీ హాలు కిటికీలకి దుప్పట్లు కట్టి మధ్యాహ్నం మూడింటికి వేశాం. హాలు నిండింది. వాళ్ళు సినిమా చూడలేదు. కథ ఎటు పోతోందో ఎవరికీ పట్టలేదు. "అదిగో రేవు!" "ఒరేయ్, మన చింతచెట్టు!" "ఆ నీళ్ళబిందె మా అత్తదేనే!" అని ఒకటే కేకలు. కమలమ్మగారి సీను వచ్చింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఆ చివరి అడుగు దగ్గర ఆవిడ కళ్ళే చూశాను. తెరనిండా ఆవిడ మొహం, కంటి అంచున ఒక్కొక్క ముడతా స్పష్టంగా. నిలిచింది.

ముందువరసలో నేలమీద కూర్చున్న ఒక ముసలావిడ మెడ అటూ ఇటూ తిప్పి చూస్తోంది, అడ్డం వచ్చినవాళ్ళని తప్పించుకుని చూసినట్టు. సినిమా అయ్యాక, ఇది తీసినవాళ్ళలో నేనొకదాన్నని ఎవరో చెప్పారు కాబోలు, కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆవిడ మొహం బాగానే పడిందమ్మా. ఆవిడ వెనకాల మసగ్గా ఉందే, నీలంతలుపు. అది మా ఇల్లు. అదెందుకమ్మా సరిగ్గా కనబడట్లేదు?"

ఆ నాలుగు నిమిషాలూ నా చెయ్యి చేసిన పనంతా అదే. మొహాన్ని నిలిపి, మిగతా ఊరంతా మసకలో వదిలెయ్యడం. ఆ పని సరిగ్గా వచ్చినందుకే నలభై ఏళ్ళుగా గర్వపడ్డాను. "అది నేనేనమ్మా, నేనే మసక చేశాను" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ ఒకసారి వెయ్యమను. ఆవిడ లేవకముందు, ఇంకా దూరంగా ఉన్నప్పుడు కొంచెం కనబడుతోంది" అంది. "నేను దగ్గరగా కూర్చుంటాను."

కిటికీ దుప్పట్లు విప్పుతున్న కుర్రాణ్ణి ఆగమన్నాను. తెరకి ముందు, మరీ దగ్గరగా, ఆవిడకి కుర్చీ వేశాను. మళ్ళీ మొదటినుంచి వేశాం.